గ్విన్నెట్ నుంచి రమణకు

ప్రియమైన రమణా,

అమెరికా వచ్చినవాళ్ళందరికీ ఇంగ్లీషు దానంతటదే వచ్చేస్తుందా అని కిందటి ఉత్తరంలో అడిగావు. మేముండే గ్విన్నెట్ కౌంటీ (మన జిల్లా లాంటిదనుకో) సంగతి చెబుతాను, విను. ఇది అట్లాంటాకు ఈశాన్యాన ఉన్న శివారు ప్రాంతం. డులూత్‌లో దుకాణాల మీద కొరియన్ బోర్డులు, నార్‌క్రాస్ వైపు స్పానిష్, వియత్నామీస్ బోర్డులు కనిపిస్తాయి.

ఇక్కడి జనాభా లెక్కల్లో ఒక చిత్రమైన పద్ధతి ఉంది. ఇంట్లో 14 ఏళ్ళు నిండినవాళ్ళలో ఏ ఒక్కరికి ఇంగ్లీషు చాలా బాగా వచ్చినా, ఆ ఇంటిని భాష ఇబ్బంది ఉన్న ఇళ్ళలో చేర్చరు. వినడానికి సబబుగానే ఉంది గానీ, ఆ ఒక్కరు ఎవరన్నది ఎవరికీ పట్టదు. మా పక్కింటి కొరియా కుటుంబంలో ఆ ఒక్కరు తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. ఇన్సూరెన్సు ఉత్తరం, కరెంటు బిల్లు, తమ్ముడి బడి నుంచి వచ్చిన కాగితం, అన్నీ ఆ పిల్ల చేతికే వస్తాయి. తన మీద టీచరు రాసిన ఫిర్యాదును సైతం తానే తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. అందులో ఎంత వినిపిస్తుందో, ఎంత మింగేస్తుందో నువ్వే ఊహించుకో!

ఆ లెక్కన మా ఇంటికీ ఏ ఇబ్బందీ లేదు. కానీ మేమిద్దరం ఆఫీసుకు వెళ్ళాక, తలుపు కొట్టినవాడు ఏమంటున్నాడో తెలియక అమ్మ గడియ తియ్యదు. షుగరు పరీక్షకు తీసుకెళితే, ఆసుపత్రివాళ్ళు ముందు హిందీ ఇంటర్‌ప్రెటర్‌ను, అంటే దుబాసీని, ఫోన్లో కలిపారు (ఇండియా అంటే హిందీయే కదా వాళ్ళకు), ఆ తర్వాత తెలుగావిడ దొరికింది. రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలు పుడుతున్నాయని, నాతో ఎన్నడూ అనని మాట, అమ్మ ఆ ముక్కూమొహం తెలియని మనిషితో చెప్పింది.

చట్టం బలహీనమైనదేమీ కాదు. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం డబ్బు తీసుకునే సంస్థలు పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదని 1964 నాటి పౌరహక్కుల చట్టం చెబుతుంది. ఇంగ్లీషు రాని చైనా పిల్లలను బడిలో గాలికొదిలెయ్యడం ఆ చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1974లో తేల్చింది. వైద్యంలోనైతే, అత్యవసరమైతే తప్ప మైనరు పిల్లల చేత అనువాదం చేయించకూడదన్న నిబంధన కూడా ఉంది. ఎన్నికల చట్టం కింద 2016 డిసెంబరులో ఈ కౌంటీలో స్పానిష్ బ్యాలెట్లు తప్పనిసరి అయ్యాయి. మా జార్జియా రాష్ట్రంలో అలా అయిన మొదటి కౌంటీ ఇదే. అయితే భాషా సహాయం గురించి క్లింటన్ 2000లో ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో ట్రంప్ రద్దు చేశాడు. అసలు చట్టం అలాగే ఉన్నా, అడగనివాళ్ళకు ఇకమీదట ఎవరు పిలిచి ఇస్తారన్నదే నా అనుమానం.

పిల్లను కాకుండా ఇంటర్‌ప్రెటర్‌ను అడగమని పక్కింటాయనకు చెప్పాను. ఆ చెప్పడం కూడా పిల్ల ద్వారానే జరిగిందనుకో. ఆయన ఇంకా మొహమాటపడుతున్నాడు. మీ అమ్మగారు అక్కయ్య దగ్గరికి డల్లాస్ వస్తున్నారన్నావు కదా, డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగమను. దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

ఇట్లు,
నీ మూర్తి