ఆయన దెయ్యమే, కానీ ఎవరి పక్షం?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో దెయ్యాలను కొలిచిన పాత జాతుల గురించి ఒక పేజీ వేశారు. రెక్కల ఎద్దు ఫోటో కింద ‘భీకర రాక్షసుడు’ అనీ, పజూజు బొమ్మ కింద ‘మనుషుల్ని పీడించే పిశాచం’ అనీ రాశారు. నేను చదివింది పదో తరగతే. అయినా ఆ రెక్కల ఎద్దుల్ని, పజూజు తలల్ని కళ్లారా చూసినదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

కిందటేడు మా అమ్మాయికి పురుడు పోయడానికి లండన్ వెళ్లాను. పాపకి మూడో నెల వచ్చాక మా అల్లుడు బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్లాడు. లోపలికి టికెట్టు లేదు, అది నాకు బాగా నచ్చింది. ఇరాక్‌లోని ఖోర్సాబాద్ నుంచి తెచ్చిన రెక్కల ఎద్దులు అక్కడున్నాయి. వాటిని లమస్సు అంటారు. క్రీ.పూ. 721 నుంచి 705 దాకా అక్కడి పాత రాజ్యం అసీరియాను ఏలిన రెండో సర్గోన్ తన కోట గుమ్మానికి అటూ ఇటూ నిలబెట్టించాడు. మనిషి ముఖం, గడ్డం, ఎద్దు ఒళ్లు. కాళ్లు లెక్కపెడితే ఐదు! “చెక్కినవాడు లెక్క తప్పాడండీ అత్తయ్యగారూ” అన్నాడు అల్లుడు. తప్పేం కాదు. ఎదురుగా వచ్చేవాడికి రెండు కాళ్ల మీద అడ్డంగా నిలబడ్డట్టుంటుంది. పక్కకెళ్లి చూస్తే నాలుగు కాళ్లతో మన వెంటే నడుస్తున్నట్టుంటుంది.

ఆ ఎద్దు కాళ్ల కింద దిమ్మ మీద గళ్లు గీకి ఉన్నాయి. ఇరవై గళ్ల ఆటట. కాపలావాళ్లు పొద్దుపోక ఆడుకుని ఉంటారు. మా ఊరి శివాలయం మండపంలో పులిజూదం గీతలు అచ్చం ఇలాగే ఉంటాయి. రాతి కాపలాదారు రెప్ప వేయకుండా నిలబడితే, జీతం తీసుకునేవాడు ఆటాడుకుంటున్నాడన్నమాట.

అదే రాజ్యంలోని నీనెవే పట్నంలో దొరికిన చిన్న మట్టి కుక్కలు ఐదున్నాయి అక్కడ. కాపలాగా గుమ్మాల దగ్గర పాతిపెట్టేవారు, మనం ద్వారబంధం ఎత్తేటప్పుడు కింద నవధాన్యాలు వేసినట్టు. ఒక్కో కుక్క మీద దాని పేరు రాసి ఉంది. ఒకదాని పేరు ‘ఆలోచించొద్దు, కరిచెయ్’. మా వీధి కుక్కకి ఆ పేరు చక్కగా సరిపోతుంది.

ఇక పజూజు. మొహం చూస్తే జడుసుకునేలాగే ఉంటుంది. గుడ్లు బయటికొచ్చి, పళ్లు ఇకిలించి, రెక్కలు, పక్షి గోళ్లు, తేలు తోక. చెడ్డ గాలులకు రాజు. దెయ్యం అన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ తలను ఎవరి మెడలో కట్టేవారో మీరు రాయలేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు, బాలింతలు కట్టుకునేవారు. లమష్టు అనే ఆవిడ పురిటింట్లో చొరబడి పసిగుడ్డును ఎత్తుకుపోతుందని వాళ్ల భయం. ఆమెను తరమడానికే, ముల్లును ముల్లుతో తీసినట్టు, ఈయన్ని పెట్టుకునేవారు.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒక కంచు పలక ఉంది. మా అమ్మాయి ఫోన్‌లో చూపించింది. పైనుంచి పజూజు తొంగిచూస్తుంటాడు. మధ్యలో మంచం మీద రోగి. అడుగున నది, నదిలో పడవ, పడవలో గాడిద, గాడిద మీద లమష్టు. ఆమెను ఊరు దాటించేస్తున్నారు. అదీ ఊరికే కాదు, దువ్వెన, కదురు, నూనె ఇచ్చి మరీ పంపేవారట. మా వైపు అమ్మవారిని పొలిమేర దాకా సాగనంపేటప్పుడు చీర, గాజులు, పసుపు కుంకుమ పెట్టమూ? ఆ పడవ చూడగానే నాకు మా రేవే గుర్తొచ్చింది. మా ఊరి పక్క గోదావరి పాయ పేరు వైనతేయ, అంటే గరుత్మంతుడే. రెక్కలున్నవాళ్లంటే మాకు భయం లేదు.

లండన్‌లో పాపను చూడ్డానికి ఇంటికొచ్చిన నర్సమ్మ దిష్టిచుక్క చూసి దెబ్బేమో అనుకుంది. అమ్మాయి చెప్పాక నవ్వేసింది. ఉయ్యాల కింద నేను పెట్టిన ఇనుప ముక్క మాత్రం ఆమె కంటపడలేదు.

వచ్చే ఆదివారం చిన్నదైనా సవరణ వేయండి. రెక్కల ఎద్దు ఫోటో ఈసారి మూల నుంచి తీసింది చూసి వేయండి, ఐదు కాళ్లూ కనబడతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పి.గన్నవరం, కోనసీమ