ఒరేయ్, బిరియానీ నువ్వే పెట్టాలి

బెంగళూరు
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనూ,

దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియో ఏదని మీ బావమరిదితో బిరియానీ పందెం కాసి, తీర్పు నన్ను చెప్పమన్నావుగా, నువ్వే ఓడిపోయావు. ముందు ఆ మాట చెప్పేస్తున్నా, తర్వాత తీరిగ్గా తిట్టుకో. మన దేశంలో మొట్టమొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ నువ్వన్నట్టు రేడియో మిర్చి కాదురా, మన బెంగళూరు రేడియో సిటీ. 2001 జూలై 3న మొదలైంది. మిర్చి ఇండోర్‌లో గొంతు సవరించుకునేసరికి అక్టోబరు వచ్చింది. మూడు నెలల తేడాలో నీ బిరియానీ పోయింది. మీ బావమరిదికి ఫోన్ చేసి ఒప్పుకో.

అంత తేలిగ్గా ఒప్పుకునే రకానివి కాదుగా నువ్వు! "1993లోనే టైమ్స్ ఎఫ్‌ఎం ఉంది, మిర్చి కూడా ఆ టైమ్స్ పత్రిక వాళ్ళదే, కాబట్టి గెలిచింది నేనే" అని పేచీకి దిగుతావు. ఉండేది, నిజమే. కానీ స్టేషన్ ఆకాశవాణిది. అందులో కొన్ని గంటలు ప్రైవేటు వాళ్ళకి అమ్మేవాళ్ళు. అద్దెకున్నవాడు గుమ్మం మీద పేరు రాయించుకుంటే ఇల్లు వాడిదైపోతుందా? గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు ఒక్కదాని సొత్తు కాదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ తర్వాతే వేలంపాటలు, లైసెన్సులు.

ఆ జూలై గుర్తుందా? మడివాళ గదిలో నలుగురం, ఒక్క బకెట్టు. నువ్వు కొన్న చిన్న రేడియో ఏరియల్ విరిగితే సైకిల్ స్పోకు గుచ్చి కిటికీ ఊచకి ఆనించేవాడివి. అప్పట్లో రేడియో సిటీని 91 ఎఫ్‌ఎం అనేవాళ్ళు, 91.1 తర్వాతి మాట. విరామం లేకుండా పాటలు, ఎదురుగా కూర్చున్నట్టే మాటలు. వివిధభారతి మర్యాదకి అలవాటుపడ్డ మన చెవులకి మొదట్లో అది కాస్త వదరుబోతుతనంలా వినపడింది, అబద్ధమెందుకు. వారం తిరిగేసరికి మనమే ఆ యాసలో మాట్లాడుకుంటున్నాం.

కాయిన్ బాక్స్‌లో రూపాయి బిళ్ళలన్నీ పోసి, గంటసేపు తంటాలుపడి, తీరా లైను దొరికాక అడగాల్సిన పాటే మర్చిపోయావు చూడు! "ఏదో ఒకటి వెయ్యండి మేడం" అన్నావు. గదిలో మేం ముగ్గురం మంచాల మీంచి పడిపోయాం. ఆ కథ మీ ఆవిడకి చెప్పావా లేదా?

యాడ్స్ తక్కువ, పాటలు ఎక్కువ, ఎంత మంచివాళ్ళో అనుకునేవాళ్ళం కదా. అసలు సంగతి ఇప్పుడు చదివితే నవ్వొచ్చింది. అప్పటి లైసెన్సు ఫీజు వేలంలో పాడిన మొత్తంతో ఆగేది కాదట, ఏటా 15 శాతం చొప్పున పెరిగేది. రాబడి పెరిగినా పెరక్కపోయినా కట్టాల్సిందే. 100 రూపాయల ఫీజు అయిదేళ్ళు తిరిగేసరికి 200 దాటిపోతుంది, లెక్కేసుకో. ఇంత కడుతూ యాడ్స్ లేకపోతే బతికేదెట్లా? మనం పండగ చేసుకున్నది వాళ్ళ నష్టాన్నిరా. దేశంలో చాలామంది లైసెన్సు దక్కించుకుని కూడా ఆ లెక్క చూసి వెనక్కి తగ్గారు. 2005లో పద్ధతి మార్చి, మొదట ఒకసారి ప్రవేశ రుసుము, ఆపైన ఆదాయంలో 4 శాతం అన్నాక గానీ ఊపిరాడలేదు.

వార్తల సంగతి ఇంకో తమాషా. ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చదవకూడదు, ఇప్పటికీ అంతే. మహా అయితే ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. అందుకే ఆ సెప్టెంబరులో న్యూయార్క్ టవర్లు కూలిన రాత్రి మనం ఆంధ్రా మెస్సు టీవీ ముందు కంచాలు పట్టుకుని నిలబడిపోయాం, గుర్తొచ్చిందా? గోంగూర చేతికే ఎండిపోయింది.

2006లో బెంగళూరులో మిర్చి, బిగ్, ఇండిగో, ఇంకా బోలెడు స్టేషన్లు దిగాయి. నువ్వు అప్పటికి కడప వెళ్ళిపోయావు. అసలు మార్పు చూసింది నేనే. అంతకుముందు హిందీ, ఇంగ్లీషు, మధ్యలో కాస్త కన్నడ. పోటీ వచ్చాక ఒక్కొక్కటే కన్నడ వైపు తిరిగాయి, ఇండిగో మాత్రం ఇంగ్లీషు వదల్లేదు. ఊరివాళ్ళ భాష ఊరి రేడియోలో అంత ఆలస్యంగా రావడమేంటి అని ఇప్పుడనిపిస్తుంది గానీ, అప్పుడు మనకి ఆ ఆలోచనే లేదు. నా కన్నడ మాత్రం అక్కడ అబ్బిందే. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటలు గంటలు ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నా. ఆ తీగే ఫోనుకి ఏరియల్ అని తెలిశాక నీ సైకిల్ స్పోకు గుర్తొచ్చింది. ఇంటి ఓనరు నా మాట విని "నీవు బెంగళూరినవరే" అన్నాడు, ఇంతవరకూ అద్దె మాత్రం తగ్గించలేదు.

సరే, బిరియానీ విషయానికొస్తే, మధ్యవర్తికి వాటా ఉంటుంది. దసరాకి వస్తున్నా. మీ బావమరిదిని కూడా పిలువు. ఆ రేడియో ఇంకా నీ దగ్గరే ఉంటే దాన్ని కూడా బయటికి తియ్యి, బ్యాటరీలు నేను తెస్తా.

నీ
చంద్రం