అతకని ఎముకలకు కణచికిత్స: ముందు లెక్క, తర్వాతే సూది

గౌరవనీయులైన సంపాదకులకు,

విరిగిన ఎముక ఎంతకీ అతకనివారికి మూలకణాల (కొత్త ఎముకను పుట్టించగల కణాల) సూదితో నయం చేస్తామని చెప్పే కరపత్రాలు ఈ మధ్య అనంతపురంలో తరచూ నా చేతికి వస్తున్నాయి. ఈ చికిత్స బూటకం కాదు, అలాగని కరపత్రంలో రాసినంత తేలికా కాదు. ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి కనుక ఇందులో నిజమెంతో పాఠకులకు చెప్పడానికి, మన బోధనాసుపత్రులను ఒక కోరిక కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను.

విరిగి తొమ్మిది నెలలు దాటినా అతకక, చివరి మూడు నెలల ఎక్స్‌రేల్లో ఏ పురోగతీ కనబడకపోతే దాన్ని అతకని ఎముకగా పరిగణించడం వైద్యుల వాడుక. మోకాలి కింది పెద్ద ఎముకకు ఈ బెడద ఎక్కువ. దాని ముందు భాగాన చర్మమే తప్ప కండ ఉండదు, దిగువ సగానికి రక్తసరఫరా అంతంతమాత్రం. 44వ జాతీయ రహదారి మీద మోటారు సైకిలు ప్రమాదంలో ఆ ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటపడి, గాయంలో మట్టి చేరి, దానికి షుగరో బీడీ అలవాటో తోడైతే అతుకు కష్టమే. ఇలాంటివారిని ఆసుపత్రి వరండాలోనే పోల్చుకోవచ్చు. ఎక్స్‌రేలన్నీ బట్టల దుకాణం సంచిలో ఉంటాయి, పిక్క చిక్కి చర్మం ఎముకకు అంటుకొని ఉంటుంది, కాలు పట్టుకొని మెల్లగా కదిలిస్తే విరిగినచోట కీలు లేకపోయినా కీలున్నట్టు వంగుతుంది. కొందరికి ఆ చోట పెద్దగా నొప్పి కూడా ఉండదు. వేరుశనగ చేలో పని చేసుకునే మనిషికి మాత్రం ఆ కాలు ఇక పనికి రాదు.

అతకని ఎముకలన్నీ ఒక్క రకం కావన్న సంగతి కరపత్రాల్లో ఉండదు. కొన్నింటిలో విరిగిన కొసల చుట్టూ కొత్త ఎముక దండిగా పెరిగి, ఎక్స్‌రేలో ఏనుగు పాదంలా కనిపిస్తుంది. అక్కడ శరీరం తన పని తాను చేస్తూనే ఉంది, లోపం కదలికలో ఉంది. రాడ్డో ప్లేటో సరిగ్గా బిగించి ఆ కదలిక ఆపితే చాలావరకు అతుకుతుంది కనుక కణాలతో పనే లేదు. రెండో రకంలో కొసలు సన్నబడి, ఎముక పుట్టే సూచనే కనబడదు. కణాలు కావలసింది ఇక్కడ. చీము పట్టిన ఎముకకైతే ముందు చీము వదిలించాలి. చీములోనూ, ఊగుతున్న ఎముకలోనూ ఎంత ఖరీదైన సూది వేసినా దండగే.

చేసే పద్ధతి వినడానికి సులువుగానే ఉంటుంది. నడుము పక్కనున్న కటి ఎముకలోకి లావుపాటి సూది దించి, ఆ కణాలు ఉండే మూలుగ (ఎముక లోపలి గుజ్జు) తీస్తారు. ఒకేచోట ఎక్కువ లాగితే మూలుగకు బదులు రక్తమే వస్తుంది కాబట్టి ఒక్కోచోట రెండు నుంచి నాలుగు మిల్లీలీటర్లే తీసి, సూదిని కాస్త జరిపి మళ్లీ తీయాలి. ఆ మూలుగను సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పి, చిక్కబడిన భాగాన్ని విరిగినచోట ఎక్కిస్తారు. అదే కటి ఎముక నుంచి ముక్కలు చెక్కి పెట్టే పాత శస్త్రచికిత్స నేటికీ నమ్మకమైనదే అయినా, చెక్కినచోట కొందరికి నెలల తరబడి నొప్పి ఉంటుంది. సూది పద్ధతిలో ఆ బాధ తక్కువ.

ఫ్రాన్స్‌లో ఎర్నిగూ అనే ఎముకల వైద్యుడి బృందం 2005లో ప్రచురించిన ఫలితాల్లో, ఇలా చికిత్స పొందిన 60 మందిలో 53 మందికి మోకాలి కింది ఎముక అతికింది. ప్రచారంలో ఈ అంకె వరకే చెప్పి ఆపేస్తారు. నన్ను ఆలోచింపజేసింది మిగిలిన ఏడుగురి సంగతి. వారికి ఎక్కించిన మూలుగలో ఎముకను పుట్టించగల కణాలు అతికినవారిలో కంటే బాగా తక్కువ. అంటే ఫలితం సూదిలో లేదు, సూదిలోని కణాల సంఖ్యలో ఉంది. పైగా ఆ పరిశీలనలో పోల్చి చూడడానికి ఈ చికిత్స పొందని మరో బృందం లేదు. డబ్బు కట్టించుకొనే చోట కణాలు లెక్కించారా, ఆ లెక్క కాగితం మీద ఇస్తారా అని రోగి అడిగితే తప్పేమీ లేదు.

కణాలను ప్రయోగశాలలో వారాల తరబడి పెంచి ఎక్కించడం మరో దారి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం మూలకణాల నుంచి తయారైన ఉత్పత్తి కొత్త మందు కిందికే వస్తుంది, కనుక కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి తప్పనిసరి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా రక్తసంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప మిగతా మూలకణ చికిత్సలను ట్రయల్‌లో (రోగుల మీద పద్ధతిగా చేసే పరిశోధనలో) భాగంగానే చేయాలంటున్నాయి. నమోదైన ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. లక్షలు కట్టమని చెబుతూ దాన్ని ట్రయల్ అంటే, అక్కడే అనుమానించాలి. (పుత్తూరు కట్టుకు వెళ్లేవారిని వెక్కిరించే చదువుకున్నవారే ఇక్కడ అప్పు చేసి సంతకం పెట్టడం నేను చూశాను.)

ఇక నా కోరిక. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు మూడూ రహదారి ప్రమాదాల క్షతగాత్రులతో నిండి ఉంటాయి. నేను పనిచేసినంత కాలం, రాడ్డు వేయించుకొని ఇంటికి వెళ్లిన మనిషి తానుగా తిరిగి వస్తే తప్ప అతని ఎముక అతికిందో లేదో తెలిసేది కాదు. ముందు ఆ లెక్క మొదలు కావాలి. వారానికొక రోజు అతకని ఎముకలకే ఓపీ పెట్టి, తొమ్మిది నెలలైనవారిని ఫోను చేసి పిలిచి, ఎక్స్‌రే, షుగరు, చీము పరీక్షలు చేసి ఏ రకమో రాసి పెట్టడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. ఆ పుస్తకం ఒకటి తయారైతే, మూలుగ చికిత్స నిజంగా అవసరమైనవారు మన మూడు జిల్లాల్లో ఎందరో తెలుస్తుంది. అప్పుడు మూడు కళాశాలలూ కలిసి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే తమ నైతిక సంఘాల అనుమతితో, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేసి, ఎముక ముక్కలు పెట్టే పాత పద్ధతితో మూలుగ సూదిని పోల్చి చూడవచ్చు. ఆ రోగులకు చికిత్సతో పాటు ఆసుపత్రికి వచ్చిపోయే బస్సు ఖర్చు కూడా ఇవ్వాలి, ఎందుకంటే కళ్యాణదుర్గం నుంచో ఆలూరు నుంచో చంకకర్రలతో నెలనెలా రావలసింది వాళ్లే. వైద్య ఆరోగ్య శాఖ ఈ విషయాన్ని పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజియోథెరపిస్టు,
అనంతపురం