షార్ పక్కనే ఉన్నాం, షేకర్ టేబుల్ మాత్రం లేదు

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను తిరుపతి జిల్లాలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే కాంట్రాక్టు అధ్యాపకుణ్ని. అంతరిక్షంలోకి పంపే ప్రయోగాలను మా పిల్లలు ముందుగా పరీక్షించుకునే సదుపాయం అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2024 డిసెంబర్ 30 రాత్రి 10 గంటలకు శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం షార్ నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ లేచినప్పుడు మా పిల్లలంతా హాస్టల్ డాబా మీదే ఉన్నారు. ముందు తూర్పున ఆకాశం తెల్లబడింది. చప్పుడు మా దాకా రావడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. 1971 నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్లకు అలవాటైన చప్పుడే.

కక్ష్యలో ఒకదానితో ఒకటి జతకూడాల్సిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను వదిలేశాక ఆ రాకెట్ నాలుగో దశ ఉత్త డొక్కుగా మిగల్లేదు. పోయెమ్-4 పేరుతో 24 పరికరాలను మోస్తూ కక్ష్యలో తిరిగింది. వాటిలో పది ఇస్రో బయటివాళ్లవి. ముంబైలోని అమిటీ విశ్వవిద్యాలయం పాలకూర కణాలు పంపింది. బెంగళూరు ఆర్‌వీ ఇంజనీరింగ్ కళాశాల పిల్లలు పేగుల్లో ఉండే బాక్టీరియాను పంపారు. మన తెనాలి కంపెనీ ఎన్ స్పేస్ టెక్ స్వేచ్ఛాశాట్ అనే పరికరాన్ని పంపింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయం మాత్రం ఆ పదింటిలో ఒక్కటీ లేదు. "పాలకూర కూడా వెళ్లింది, మనం పంపలేమా సార్?" అని మూడో ఏడాది అమ్మాయి ఒకతె అడిగింది.

పంపొచ్చు. మొత్తం ఉపగ్రహం తయారుచేయడమంటే ఏళ్ల పని. ఐఐటీ బాంబే విద్యార్థుల 'ప్రథమ్' 2007లో మొదలై 2016లో గానీ ఎగరలేదు. మొదలుపెట్టినవాళ్లలో కొందరు ఈలోపు పిల్లల్ని బడిలో వేసుకుని ఉంటారు. పోయెమ్‌లో ఆ బాధ లేదు. ట్యాంకు చుట్టూ అమర్చిన సోలార్ పలకల నుంచి కరెంటు వస్తుంది, తిన్నగా నిలబడే ఏర్పాటు దానికే ఉంది, సమాచారం కిందికి పంపేదీ అదే. మనం ప్రయోగం ఉన్న పెట్టె చేసిస్తే చాలు. నాలుగేళ్ల బీటెక్‌లో అయ్యే పని. మనవాళ్లకిది చేతకాదనీ కాదు. 2010 జూలై 12న ఎగిరిన కిలో లోపు బరువున్న స్టడ్‌శాట్ ఉపగ్రహాన్ని చేసింది కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన ఏడు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు.

మా పిల్లలు పెట్టె చేశారు. అడ్డుపడింది దాన్ని పరీక్షించే దగ్గర. రాకెట్ కుదుపులకు తట్టుకుంటుందో లేదో షేకర్ టేబుల్ మీద చూడాలి, గాలి లేనిచోట వేడికీ చలికీ ఏమవుతుందో థర్మోవాక్ ఛాంబర్‌లో చూడాలి. మా దగ్గర రెండూ లేవు. ఏంచేశారో చెబితే మీరు నవ్వుతారు. పెట్టెను బైక్ క్యారియర్‌కు తాళ్లతో కట్టి సూళ్లూరుపేట దాకా తిప్పుకొచ్చారు. విప్పి చూస్తే ఒక సోల్డరింగ్ అతుకు పగిలి ఉంది. తప్పు దొరికిందని ఆ రాత్రి బిర్యానీ తెప్పించుకున్నారు! ఇదే పిల్లల సీనియర్లు మేజర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కొచ్చి వైవాలో అప్పజెప్పినవాళ్లు. తేడా ఎక్కడొచ్చిందో నాకైతే తెలుసు. ఈసారి వాళ్ల చేతికి పగిలే వస్తువొకటి దొరికింది.

రెండో అడ్డంకి నేనే. పరిశోధన నిధులకు దరఖాస్తు రాయబోతే ముందుండి నడిపేవాడిగా శాశ్వత అధ్యాపకుడి పేరు కావాలన్నారు. మా విభాగంలో అందరం ఏడాదికోసారి రెన్యువల్ అయ్యేవాళ్లమే. దరఖాస్తు అక్కడే ఆగిపోయింది.

అందుకే అడుగుతున్నాను. ఏదో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఒక షేకర్, ఒక థర్మోవాక్ ఛాంబర్ పెట్టించండి. అనుబంధ కళాశాలల పిల్లలు కూడా ముందే తేదీ తీసుకుని వాడుకునేలా ఉండాలి. చూపించడానికి తాళం వేసిపెట్టే ల్యాబ్ అయితే వద్దు, అలాంటివి మాకు చాలానే ఉన్నాయి. బృందంలోకి పిల్లల్ని రెండో ఏడాదిలోనే తీసుకోనివ్వండి. చివరి ఏడాదిలో చేరినవాళ్లు పని నేర్చుకునేలోపు క్యాంపస్ ఇంటర్వ్యూలు వచ్చేస్తాయి. ఆ పనికి క్రెడిట్లు ఇప్పించండి. ఖాళీ పోస్టులు నింపేదాకా, పక్క విశ్వవిద్యాలయంలోని శాశ్వత అధ్యాపకుడితో కలిసి మాలాంటివాళ్లూ బాధ్యత తీసుకునేలా ఒక జీవో ఇవ్వండి.

మా పెట్టె ల్యాబ్‌లో రెండో బెంచీ మీద ఉంది. అతుకు మళ్లీ వేశారు. ప్రయోగం చూడటానికి మీరు షార్‌కు వచ్చినప్పుడు కబురు చేయిస్తే పిల్లలే తెచ్చి చూపిస్తారు. ఆ బైక్ మీదే తెస్తారు.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు అధ్యాపకుడు,
తిరుపతి జిల్లా