2024–25 వార్షిక నివేదిక: బక్ఐస్ సీజన్, ఆ తర్వాత వచ్చిన మార్పులు

సభ్యులందరికీ నమస్కారం.

గత ఆగస్టు నుంచి ఈ జూలై వరకు కొలంబస్‌లోని మన తెలుగు సంఘం ఏం చేసింది, మనల్నందరినీ ఒక చోట కూర్చోబెట్టే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ‘బక్ఐస్’ ఎలా ఆడింది, సీజన్ అయ్యాక ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు అన్నది ఈ నివేదికలో మీ ముందు పెడుతున్నాను. కొలంబస్ శివార్లలోని డబ్లిన్, పావెల్, లూయిస్ సెంటర్ వైపు కుటుంబాలూ, క్యాంపస్ దగ్గర అద్దె గదుల్లో ఉండే విద్యార్థులూ కలిసి శనివారం మ్యాచ్ చూడడానికి మొదలుపెట్టిన సంఘం మనది. అందుకే జట్టు సంగతి ముందు, డబ్బు లెక్క తర్వాత.

మన జట్టు ఈసారి జాతీయ ఛాంపియన్. 14 గెలుపులు, 2 ఓటములు. గెలుపులు అందరికీ కంఠతా వచ్చు. నాకు మాత్రం ఆ రెండు ఓటముల గురించి వివరంగా రాయాలనిపించింది. మన సంఘం ఎంత గట్టిదో తెలిసింది ఆ రోజుల్లోనే.

దసరా నుంచి నవంబరు 30 వరకు

2023 సీజన్ మన పాత ప్రత్యర్థి మిషిగన్ చేతిలో 30–24తో ఓడి, సీజన్ చివరి మ్యాచ్ కాటన్ బౌల్‌లో మిజోరీ మీద కేవలం 3 పాయింట్లు చేసి ఓడిపోవడంతో ముగిసింది. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోగలిగిన జాక్ సాయర్, జేటీ టుయ్‌మొలొవావ్, ఎమెకా ఎగ్బుకా, ట్రెవియాన్ హెండర్సన్, డానవన్ జాక్సన్ లాంటివాళ్లు వెళ్లకుండా ఆగిపోయారు. మిషిగన్‌ను ఒక్కసారీ ఓడించకుండా కాలేజీ వదలడం వాళ్లకు ఇష్టం లేదు. బయటి నుంచి కాన్సస్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) విల్ హవర్డ్, అలబామా నుంచి వెనక కాపు కాసే సేఫ్టీ కేలెబ్ డౌన్స్, ఓల్ మిస్ నుంచి బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ క్విన్‌షాన్ జడ్కిన్స్ వచ్చారు. యూసీఎల్ఏ హెడ్ కోచ్ పదవి వదులుకుని చిప్ కెల్లీ మన అఫెన్స్ (దాడి విభాగం) నడపడానికి వచ్చారు. దాంతో ఆగస్టులో మన ఆశలు ఆకాశంలో ఉన్నాయి.

అక్టోబరు 12 విజయదశమి. ఆరెగన్ వాళ్ల ఊళ్లో మ్యాచ్ రాత్రి ఏడున్నరకి. సాయంత్రం పూజ చేసి, జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని పెద్దల కాళ్లకు దండం పెట్టాక అదే హాల్లో తెర దించి ప్రొజెక్టర్ పెట్టాం. పట్టుచీరల్లో, పంచెల్లో కూర్చుని చివరి సెకను దాకా చూశాం. 32–31తో ఓడిపోయాం. ఆఖర్న 10 సెకన్లు మిగిలి ఉండగా ఆరెగన్ 11 మందికి బదులు 12 మందిని దింపింది. మనకు పెనాల్టీ కింద 5 గజాలు ఇచ్చారు గానీ ఆ ఆటలో కరిగిపోయిన 4 సెకన్లు తిరిగి ఇవ్వలేదు. తర్వాతి వారమే కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ ఆ నియమానికి కొత్త వివరణ ఇచ్చింది. అంతకంటే పెద్ద నష్టం ఆ రాత్రి క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లెఫ్ట్ ట్యాకిల్ జాష్ సిమన్స్ మోకాలు దెబ్బతినడం. సీజన్ మొత్తం అతను మళ్లీ ఆడలేదు.

నవంబరు 2న పెన్ స్టేట్ మ్యాచ్ ఈ ఏడాది నాకు బాగా గుర్తుండిపోయింది. తెనాలి నుంచి కూతురి ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన మొదటిసారి మనతో కూర్చున్నారు. కుర్రతనంలో కబడ్డీ ఆడినవారు. మొదటి సగమంతా "ఎందుకు ఆపుతున్నారు, ఎందుకు మొదలుపెడుతున్నారు" అని అడుగుతూనే ఉన్నారు. నాలుగో క్వార్టర్‌లో పెన్ స్టేట్ మన గోల్ గీతకు 3 గజాల దూరానికి వచ్చింది. నాలుగు అవకాశాలు. మూడుసార్లు పరుగెత్తారు, మూడుసార్లూ మనవాళ్లు గోడలా నిలబడ్డారు. ఆయన కుర్చీ అంచుకు జరిగి, "గీత దాటనియ్యకండ్రా, నడుం పట్టుకో" అని అరిచారు. నాలుగోసారి బంతి విసిరారు, అదీ పోయింది. మనం 20–13తో గెలిచాం. ఆ పెద్దాయనకు ఆట ఏమిటో ఆ నాలుగు ప్రయత్నాల్లో అర్థమైంది, నేను గంటసేపు చెప్పినా రానిది. కొత్తవాళ్లకు ఆట నేర్పే మన కార్యక్రమంలో ఇక మీదట నియమాల పట్టికతో కాకుండా ఆ నాలుగు ఆటల వీడియోతో మొదలుపెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది.

ఇక నవంబరు 30. థాంక్స్ గివింగ్ తర్వాతి శనివారం, మధ్యాహ్నం 12 గంటలకు, మన స్టేడియంలోనే మిషిగన్‌తో. వాళ్లు అప్పటికి 6 గెలిచి 5 ఓడారు. మనవాళ్లు అంతకుముందు వారమే అజేయంగా వచ్చిన ఇండియానాను 38–15తో ఓడించారు. ఒక సభ్యుడి ఇంటి బేస్‌మెంట్‌లో పిల్లా పెద్దా అందరూ చేరారు. 13–10తో ఓడిపోయాం. వరసగా నాలుగో ఏడాది మిషిగన్ చేతిలో ఓటమి. 45 సెకన్లు ఉండగా వాళ్ల ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని చేసే 3 పాయింట్లు) పడింది. మన కిక్కర్ జేడెన్ ఫీల్డింగ్ అంతకుముందే రెండు పోగొట్టాడు.

వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఎంఎస్ చేస్తున్న ఒకమ్మాయి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో బిర్యానీ ప్లేటు అలాగే ఉంది, పెరుగుపచ్చడి అంచుల్లో ఎండిపోయింది. టీవీలో మైదానం మధ్య జెండా పాతడం మీద రెండు జట్లూ కొట్టుకుంటున్నాయి, పోలీసులు పెప్పర్ స్ప్రే కొడుతున్నారు. పిల్లల్ని పైకి పంపేశాం.

ఆ ఓటమికి కారణం నా దృష్టిలో పిరికితనం కాదు, మొండితనం. సిమన్స్ లేడు, బంతి అందించే సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్ కూడా మడమ నరం తెగి వెళ్లిపోయాడు. ఎదురుగా మిషిగన్ డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ లాంటి బండరాళ్లు. అంచుల్లో బంతి అందుకునే జెరెమయా స్మిత్, ఎగ్బుకా ఖాళీగా ఉండగా బంతిని పదేపదే ఆ మధ్యలోకే తోశారు. 26 సార్లు బంతితో పరుగెత్తితే వచ్చింది 77 గజాలు.

ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపులో కోచ్ రయాన్ డే మీద రాసిన మాటలు కొన్ని చాలా దారుణంగా ఉన్నాయి. ఆటలో తప్పులు ఎత్తిచూపండి, అది మన హక్కు. మనిషినీ ఇంట్లోవాళ్లనీ తిట్టడం వేరు. డే తండ్రి ఆయన చిన్నప్పుడే ఆత్మహత్య చేసుకున్నారు. ఆయనా, ఆయన భార్యా కలిసి ఇక్కడి నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో పిల్లల మానసిక ఆరోగ్యం కోసం నిధి ఏర్పాటు చేశారు. మన పిల్లలు వెళ్లే ఆస్పత్రి అది. కార్యవర్గం ఆ మెసేజ్‌లు తీసేసింది. కొందరు నొచ్చుకుని గ్రూపు వదిలేశారు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పుడూ అంటాను. వదిలినవాళ్లకు తలుపు తెరిచే ఉంది, ఇద్దరు ఇప్పటికే తిరిగి వచ్చారు కూడా.

ప్లేఆఫ్

ఛాంపియన్‌ను తేల్చే నాకౌట్ పోటీ, అంటే ప్లేఆఫ్, 12 జట్లతో జరగడం ఇదే మొదటిసారి. పాత పద్ధతిలో అయితే నవంబరు 30తోనే మన కథ ముగిసేది. 8వ సీడ్‌గా డిసెంబరు 21న చలి రాత్రి మన స్టేడియంలోనే టెనెసీని 42–17తో ఓడించారు. టికెట్లు కొనుక్కుని వెళ్లిన మన సభ్యులు చుట్టూ టెనెసీ అభిమానుల నారింజ రంగు అంతగా చూసి మొదట కంగారు పడ్డారు, మొదటి క్వార్టర్ అయ్యేసరికి ఆ కంగారు పోయింది. జనవరి 1న రోజ్ బౌల్‌లో అదే ఆరెగన్ మీద ఒక దశలో 34–0. చివరికి 41–21.

జనవరి 10 శుక్రవారం టెక్సస్‌తో సెమీఫైనల్, కాటన్ బౌల్‌లో. మర్నాడు మన సంక్రాంతి సంబరం. వంటింట్లో అరిసెలు, హాల్లో మ్యాచ్. మనం 21–14తో ముందున్నాం, టెక్సస్ మన గోల్ గీతకు ఒక్క గజం దూరంలో. అక్కడి నుంచి వాళ్లను వెనక్కి నెట్టారు. నాలుగో ప్రయత్నంలో సాయర్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ క్విన్ యువర్స్ చేతిలోంచి బంతి కొట్టేసి, తనే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. యువర్స్ ఒకప్పుడు ఇక్కడే చదువుతూ సాయర్‌తో ఒకే గదిలో ఉన్నాడు. సాయర్ మన పక్క ఊరు పికరింగ్టన్ పిల్లాడు. నూనెలోంచి తీసిన అరిసెను రెండు గరిటెల మధ్య నొక్కుతున్న మా వదిన పొయ్యి ఆపేసి, గరిటెలు చేతిలో ఉండగానే హాల్లోకి పరుగెత్తుకొచ్చారు. నేల మీద నూనె చుక్కలు. ఎవరూ ఏమీ అనలేదు.

జనవరి 20న అట్లాంటాలో ఫైనల్, నోటర్ డేమ్ మీద 34–23. 31–7 నుంచి వాళ్లు 31–23 దాకా తీసుకొచ్చినప్పుడు అందరికీ ఒకటే టెన్షన్. మూడో ప్రయత్నంలో 11 గజాలు కావాలి. హవర్డ్ విసిరిన బంతిని స్మిత్ అందుకుని 56 గజాలు లాగేశాడు. ఆ తర్వాత 26 సెకన్లు ఉండగా చివరి ఫీల్డ్ గోల్ వేసింది ఎవరో గుర్తుందా? మిషిగన్ మీద రెండు పోగొట్టిన ఫీల్డింగే. ఆ కుర్రాడి కోసం నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. జనవరి 26న పొద్దున్న మన గణతంత్ర దినోత్సవ జెండా వందనం చేసుకుని, అక్కడి నుంచే స్టేడియంలో విజయోత్సవానికి వెళ్లాం.

సీజన్ అయ్యాక

ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో మనవాళ్లు 14 మంది ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లారు. 2004లో నెలకొల్పిన కాలేజీ రికార్డుకు ఇది సమానం. ఎగ్బుకా, జాక్సన్, టైలీక్ విలియమ్స్, సిమన్స్ మొదటి రౌండ్‌లోనే వెళ్లారు. మోకాలి దెబ్బ తర్వాత కూడా సిమన్స్‌ను 32వ స్థానంలో కాన్సస్ సిటీ తీసుకోవడం మనసుకు హాయిగా అనిపించింది. సాయర్, హవర్డ్ ఇద్దరూ పిట్స్‌బర్గ్‌కే వెళ్లారు, ఇక్కడి నుంచి మూడు గంటల దారి. ఒక ఆదివారం వెళ్లొద్దామని కొందరు అడుగుతున్నారు, పేర్లు ఇవ్వండి.

కోచ్‌ల మార్పే పెద్ద దెబ్బ. కెల్లీ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లాస్ వేగస్ రైడర్స్‌కు వెళ్లారు, ఆయన స్థానంలో ఇక్కడే ఆడిన బ్రయాన్ హార్ట్‌లైన్‌ను పెట్టారు. డిఫెన్స్ నడిపిన జిమ్ నోల్స్ ఏకంగా పెన్ స్టేట్‌కు వెళ్లిపోయారు. నవంబరు 1న ఆయన ఆ జట్టుతో మన స్టేడియానికే వస్తారు. ఆయన స్థానంలో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్యాట్రియట్స్ జట్టుతో చాలా ఏళ్లు పనిచేసి, లయన్స్ హెడ్ కోచ్‌గా విఫలమైన మ్యాట్ పట్రీషియా వచ్చారు. సభ్యుల్లో సగం మందికి ఈ ఎంపిక నచ్చలేదు. నేనైతే నమ్మకంతో ఉన్నాను. కేలెబ్ డౌన్స్, సన్నీ స్టైల్స్ ఉన్న డిఫెన్స్‌కు తెలివైన గురువు దొరికితే చాలు. డే ఒప్పందాన్ని 2031 వరకు పొడిగించారు. నవంబరులో ఆయన్ను పంపేయమన్న సభ్యులు దీన్ని కూడా చదవాలని కోరుతున్నాను.

క్వార్టర్‌బ్యాక్ ఎవరన్నది ఈ నివేదిక రాసే సమయానికి తేలలేదు. జూలియన్ సయిన్, లింకన్ కీన్‌హోల్జ్ పోటీలో ఉన్నారు. పర్డూ నుంచి టైట్ ఎండ్ మాక్స్ క్లేర్, వెస్ట్ వర్జీనియా నుంచి సీజే డొనాల్డ్‌సన్ వచ్చారు. మొదటి ఏడాదే 1,315 గజాలు, 15 టచ్‌డౌన్లు చేసిన స్మిత్ ఉన్నాడు కాబట్టి బంతి విసిరేవాడు ఎవరైనా పట్టేవాడికి కొదవ లేదు. జూన్ 6న కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌తో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి 2.05 కోట్ల డాలర్లు. లక్షమంది వచ్చి చూసే ఆటలో ఆడేవాడికి వాటా ఇవ్వడం న్యాయమేనని నా అభిప్రాయం.

మన దగ్గరా మేలో చదువు ముగించుకుని చాలామంది వెళ్లిపోయారు. ప్రొజెక్టర్ చూసుకునే అబ్బాయి డాలస్‌లో ఉద్యోగంలో చేరాడు, మెట్ల మీద కూర్చున్న ఆ అమ్మాయి సియాటిల్‌లో. ఇద్దరూ గ్రూపులో కొనసాగుతామన్నారు.

జమాఖర్చుల పట్టిక ఈమెయిల్‌లో పంపాం. విద్యార్థుల చందా పెంచలేదు. ఇళ్లు తెరిచిన, వంట చేసిన, తర్వాత గిన్నెలు తోమిన వారందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆగస్టు 27న వినాయక చవితి. 30న శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మన స్టేడియంలో మళ్లీ టెక్సస్‌తో మొదటి మ్యాచ్. నిమజ్జనం అదే రోజు పెట్టుకున్న కుటుంబాలు సాయంత్రం నాలుగు తర్వాతకు మార్చుకోగలిగితే అందరం కలిసి వెళ్లొచ్చు. ప్రొజెక్టర్ నడపడం వచ్చినవాళ్లు ఒకరు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి
కొలంబస్, ఒహాయో
2025 ఆగస్టు