గోడ కింది ముంగిస

అమ్మలూ,

నువ్వు క్షేమమని తలుస్తాను. తలచుకోవడమే తప్ప తెలిసే దారి లేదు. నువ్వు ఫోను చేసి ఇవాళ్టికి 22 రోజులు. పని ఒత్తిడి ఉంటుందని తెలుసు. దాని గురించి కాదు ఈ ఉత్తరం. మన పెరటి గోడ కింద ముంగిస పిల్లలను పెట్టింది, ఆ సంగతి చెబుదామని.

రోజూ పొద్దున మొక్కలకు నీళ్లు పోసే వేళకు వస్తుంది. ఒకసారి నాకు మూడు అడుగుల దూరంలో ఆగి చూసింది. దాని కంటిపాప మనకులా గుండ్రంగా ఉండదు, అడ్డగీత గీసినట్టు ఉంటుంది. ఒక్కొక్క వెంట్రుక మీదా తెలుపూ నలుపూ పట్టీలు. దూరానికి బూడిదరంగు కనిపించేది అందుకే. ఆ వెంట్రుకల కోసమే వాటిని చంపి కుంచెలు చేసేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు అది నేరం. నీ కుంచెల డబ్బా అటక మీద అలాగే ఉంది. బొమ్మలు వేయడం పూర్తిగా మానేశావా?

మొన్న పెద్దమామయ్య వచ్చాడు. నువ్వు ఉద్యోగం మానేశావని ఎవరో అన్నారట. నేను నమ్మలేదు. మానేస్తే మానేశావు, మాకు ఒక్కమాట చెబితే చాలు.

ముంగిస అనగానే అందరికీ పాముతో పోరాటమే గుర్తొస్తుంది. మన పెరట్లో దానికి రోజూ దొరికేవి మిడతలు, ఎలుకలు, బల్లులు. ఆకుల కింద ముక్కు దూర్చి, గోళ్లతో తవ్వి, దొరికింది తిని తన దారిన పోతుంది. నాగుపాము విషం కండరాలను పట్టుకునే చోటు దాని ఒంట్లో కాస్త వేరుగా ఉంటుంది కాబట్టి ఆ విషాన్ని కొంత తట్టుకోగలదు. కొంతే. అందుకే కాటుకు అందకుండా తప్పుకోవడం మీదే దాని ధ్యాసంతా. నీకు ఓర్పు ఎక్కువ. చిన్నప్పుడు జ్వరం వచ్చినా మూడో రోజుకు గాని చెప్పేదానివి కాదు. ఓర్చుకోగలం కదా అని ప్రతిదీ ఓర్చుకోనక్కరలేదు తల్లీ. ఆఫీసులో నీతో ఎలా మాట్లాడుతున్నారో పోయినసారి సగం చెప్పి ఆపేశావు. వేళకు పడుకో. అకారణంగా మాట పడకు. చేతిలో ఆరు నెలలకు సరిపడా డబ్బు ఉంచుకో. ఇవన్నీ రాయకూడదనే మొదలుపెట్టాను.

మంగళవారం రాత్రంతా వాన. తెల్లవారుతుండగా లేచి చూస్తే గోడ కింది కలుగులోకి నీళ్లు పోతున్నాయి. మీ అమ్మ టార్చిలైటు పట్టుకుంది. తల్లి ముంగిస బయటకు వచ్చింది, నోట్లో పిల్ల. మెడ దగ్గర కరుచుకుంది, పిల్ల కాళ్లు వేలాడుతున్నాయి. మోటారు గది వెనక రాళ్ల కుప్ప దాకా పరుగు. మధ్యలో ఒకచోట దింపి, పట్టు సరిచేసుకుని మళ్లీ ఎత్తుకుంది. తరువాత రెండోది. తరువాత మూడోది. ఇక రాదనుకున్నాం. వచ్చింది. నీళ్లు నిండిన కలుగులో తల పెట్టి, బయటకు తీసి విదిలించుకుని, మళ్లీ పెట్టింది. రాళ్ల కుప్ప దాకా వెళ్లి, ఇంకోసారి వచ్చి చూసుకుంది. అలా మూడుసార్లు. లోపల ఏ పిల్లా మిగలలేదు, అయినా వచ్చింది. మీ అమ్మ తడుస్తూ అక్కడే నిలబడిపోయింది, లోపలికి రమ్మంటే రాలేదు. "దానికి ఫోను చేయండి" అంది. అప్పటికి అయిదున్నర. నీ నిద్ర చెడుతుందని చేయలేదు.

అమ్మకు కాస్త జలుబు, అంతే. కంగారుపడకు. నీ గది కిటికీకి కొత్త గొళ్లెం వేయించాను, పరుపు ఎండలో వేశాం. నీ కళ్లద్దాల చీటీ బీరువాలో దొరికింది, దీనితో పాటే పంపుతున్నాను. తలనొప్పి తగ్గకపోతే ఒకసారి మళ్లీ చూపించుకో. ఆదివారం రోజంతా ఇంట్లోనే ఉంటాను. ఫోను బల్ల మీదే ఉంటుంది. మామయ్యకు ఏమీ చెప్పను.

మీ నాన్న