లంకకి రోడ్డు రావాలంటే ఎంతమంది ఉండాలండి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది కోనసీమలో ఓ చిన్న లంక అండి, అంటే చుట్టూ గోదారి నీళ్లున్న ఊరు. ఊరి పేరు రాయట్లేదు, ఎందుకంటే గోదారి పాయలైన వశిష్ఠ, వైనతేయ, గౌతమి మధ్య ఉన్న చాలా లంకల పరిస్థితి ఇదే. రోడ్డు గురించి ఆఫీసుకెళ్లి అడిగితే మీ జనాభా చాలదు అంటారు, అంతే, ఇంక మాట్లాడ్డానికి ఏం ఉండదు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో విడతకి 2024లో కేంద్రం ఓకే చెప్పింది కదా, దాంట్లో మైదాన ప్రాంతమైతే 2011 జనాభా లెక్కల ప్రకారం 500 మంది ఉండాలి, కొండ ప్రాంతాలు, గిరిజనులుండే ఏజెన్సీ, ఎడారి అయితే 250 చాలు. కొండల్లో వాళ్లకి ఇవ్వడం న్యాయమే, ఇవ్వాలి కూడా. కానీ చుట్టూ గోదారి ఉన్న లంకని మైదానం అని ఎలా రాస్తారండి? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక ఇస్తారు, అది ఇచ్చేలోపే చాలా చోట్ల కాజ్‌వేలు మునిగిపోయి ఉంటాయి, ఇంక పడవే దిక్కు. 2022 జూలైలో 25 లక్షలు దాటి వచ్చినప్పుడు ఎలా ఉందో మీ పేపర్లోనే ఫోటోలు వేశారు.

అసలు జనాభా ఎందుకు తగ్గిందో ఎవరూ అడగరు. దారి లేకే తగ్గిందండి. పిల్లల స్కూలు కోసం అమలాపురంలోనో రాజోలులోనో అద్దెకి దిగిపోతున్నారు, కొంతమంది ఆడవాళ్లు కువైట్ వెళ్లారు, లంకలో సంబంధం అంటే పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారు. నెలలు నిండిన పిల్లని మంచం మీద పడుకోబెట్టి నలుగురు ఇసకలో మోసుకెళ్లి పడవెక్కించాలి, 108 వచ్చి అవతల ఏటిగట్టు మీద ఆగుద్ది, అందుకే ఏడో నెల రాగానే ఒడ్డున ఉన్న చుట్టాలింటికి పంపేస్తాం. అరటి గెల సంగతి చూడండి, చేలోంచి రేవుకి, రేవులో పడవలోకి, పడవలోంచి గట్టు మీదకి, అక్కణ్ణించి వ్యాన్‌లోకి, రావులపాలెం మార్కెట్‌కి చేరేలోపు ఎన్నిసార్లు ఎత్తి దించుతామో, ప్రతిసారీ కూలి ఇవ్వాలి, ప్రతిసారీ కాయ నలుగుద్ది, నలిగిందని అక్కడ రేటు కోస్తారు. ఇలా ఎన్నాళ్లు చేస్తారు, పొలం కౌలుకిచ్చి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినందుకు మిగిలినోళ్లకి రోడ్డు లేదంటే ఎలాగండి?

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు బస్సు ఫ్రీ చేశారు, మంచి పని. మా ఆడవాళ్లు మాత్రం ఆ బస్సు దాకా వెళ్లడానికి రేవులో పడవకి డబ్బులు కట్టాలి, రేవుని వేలంలో పాడుకున్నాయన ఊరికే ఎక్కించుకోడు కదా.

ఇంకోటి, మా లంకకి జనాభా లెక్కల్లో విడిగా అంకె లేదు, ఏటి అవతల ఉన్న రెవెన్యూ గ్రామంలో కలిపేస్తారు. ఆ ఊరికి తారు రోడ్డు ఉంది కాబట్టి కాగితం మీద మాకూ ఉన్నట్టే. 2027 జనగణనలో అయినా ప్రతి లంకనీ విడిగా లెక్కపెట్టి ఆ అంకె బయట పెట్టాలి. అలాగే లంకలకి కూడా 250 నిబంధన వర్తించేలా కోనసీమ, పశ్చిమగోదావరి ఎంపీలు ఢిల్లీలో గట్టిగా అడగాలి, మీరు కూడా దీని మీద ఓ కథనం రాయించండి.

వంతెన వచ్చేదాకా ఆగలేని పని ఒకటుంది. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర స్కూలు పిల్లలు ఎక్కిన పడవ, కడుతూ ఉన్న వంతెన పిల్లర్‌కే తగిలి బోల్తా పడింది, పిల్లలు పోయారు. ఆ వార్త చదివిన రోజు మా లంకలో ఏ తల్లీ అన్నం తినలేదండి. మా రేవులో ఇప్పటికీ పిల్లలు లైఫ్‌జాకెట్ లేకుండానే పడవెక్కుతున్నారు. వరద ఎర్రనీళ్లు రాకముందే ప్రతి రేవుకీ పిల్లల సైజు జాకెట్లు, ఒక మంచి ఇంజన్ పడవ ఇప్పించమని కలెక్టర్ గారిని మీ పేపర్ ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
ఒక లంక రైతు,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా